కావలియు జాగరమును: నిద్ర మానిన కొలువును గూర్చి మన కథలు చెప్పునది

నిద్ర మానుట రెండు విధములు. తన మేలు గోరియో, తాను నమ్మిన దైవమును గోరియో తన యిచ్ఛచే మానుట యొకటి. పరుల సొమ్మును, ప్రాణమును, సుఖమును గాచుటకై కూలికో కూటికో మానుట రెండవది. మొదటిదానిని మనవారు జాగరమనిరి. రెండవదానిని కావలి యనిరి. శివరాత్రినాఁడు నాలుగు జాములు మేల్కొన్నవానికి పుణ్యము చెప్పఁబడినది. ఏఁడు పొడుగున రాత్రులెల్ల మేల్కొన్న తలారికి, ఊరివారు కొలిచిపెట్టిన గింజలు తప్ప వేఱు ఫలమెవ్వరును చెప్పలేదు. శరీరమునకు రెండింటను గలుగు బడలిక యొక్కటియే. వాఙ్మయమున వాని విలువ మాత్ర మొక్కటి కాదు.

రాత్రివేళ చేయు కొలువును గూర్చి మన కథాసంప్రదాయ మేమి చెప్పుచున్నదో విచారించుట యీ వ్యాసమునకు విషయము. ఇందులకై మేము నాలుగు తావులను గైకొంటిమి: అయోధ్యాకాండమున గుహలక్ష్మణుల సంభాషణము, స్త్రీల రామాయణపు పాటలలోని ఊర్మిళ కథ, ద్రోణపర్వమునందలి రాత్రియుద్ధము, హరిశ్చంద్రుని కాటికాపరితనము. ఇవి బోధకులకు, విద్యార్థులకు సుపరిచితములే. వీనిని భక్తికిని, ధర్మమునకును, సత్యమునకును ఉదాహరణములుగాఁ జదువుట మనకు వాడుక. ఆ పఠనము తప్పని మే మనము. అది కావలిని జాగరముగా మార్చి చదువుచున్నదనియు, ఆ మార్పున మూలములలోని యొక ముఖ్యాంశము మఱుగుపడుచున్నదనియు మా తలఁపు. ఆ యంశము నిద్రయొక్క లెక్క. పోయిన నిద్ర యెవరి పద్దున వ్రాయఁబడినది? దాని నెవరు తీర్చిరి? ఈ ప్రశ్నలకు మన కథలు సమాధానము చెప్పుచునే యున్నవి.

1. పదవిచారము

కాచు అను ధాతువునకు రక్షించుట యనియు, ఎదురుచూచుట యనియు రెండర్థములు గలవు. కావలి, కాపరి యను మాటలు దానినుండియే పుట్టినవి. నిఘంటుకారుఁ డీ రెండర్థములను వేఱువేఱుగా వ్రాసికొనవచ్చును గాని, రాత్రి కొలువు చేయువాని కవి రెండు నొక్కటియే. వాని పనిలో అధికభాగము ఎదురుచూచుటయే. దొంగ రాని రాత్రి వాఁడు చేసిన పని యెవరి కంటికిని గానరాదు. దొంగ వచ్చిన రాత్రి వాఁడు చేయని పని యూరందఱకును గానవచ్చును. ఈ కొలువునకుఁ గీర్తి తక్కువగుటకు ఇదియొక కారణము.

సంస్కృతమున కావలివానికి యామికుఁడను పేరు గలదు. యామ మనఁగా జాము, మూఁడు గంటల కాలము. తాను కోల్పోయిన కాలమును బట్టియే వానికిఁ బేరు గలిగినది. ఉర్దూ ద్వారా పారా, గస్తీ యను మాటలు తరువాత వచ్చి చేరినవి. ఇంగ్లీషు ద్వారా డ్యూటీ, నైట్ షిఫ్ట్ అను మాటలు ఇంకను తరువాత వచ్చినవి. వీనిలో నే మాటకును వ్రతవాసన లేదు. జాగరము మాత్రము ఉపవాసముతోఁ గూడి నేఁటికిని పర్వదినములలో వినఁబడుచున్నది.

ఈ భేదము శాస్త్రగ్రంథములందును గానవచ్చును. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున రాజునకు దినచర్య యేర్పఱచుచు రాత్రి నెనిమిది భాగములు చేసెను. మూఁడవ భాగమున రాజు తూర్యఘోషముతో శయనగృహము ప్రవేశింపవలెను. నాలుగైదు భాగములు నిద్రింపవలెను. ఆఱవ భాగమున మరల తూర్యఘోషముతో మేల్కొనవలెను. భాగ మొక్కటికి గంటన్నర గాన, రాజునకు విధింపఁబడిన నిద్ర మూఁడు గంటలు. తన శక్తి ననుసరించి యీ విభాగమును మార్చుకొను స్వాతంత్ర్యమునుగూడ కౌటిల్యుఁడు రాజున కిచ్చెను. రాజు తక్కువ నిద్రపోవుట యిట్లు రాజధర్మమైనది. ఆయనను నిద్రపుచ్చుటకును, మేలుకొలుపుటకును తూర్యములు మ్రోయించినవాఁ డెప్పుడు పండుకొనెనో, ఎప్పుడు లేచెనో ఆ దినచర్యలో లేదు. వానికి తన రాత్రిని మార్చుకొను స్వాతంత్ర్యమును లేదు.

2. గుహుని మాట

శృంగిబేరపురమున, గంగ యొడ్డున, ఇంగుదీవృక్షము క్రింద సీతారాములు నేలపైఁ బండుకొనిరి. లక్ష్మణుఁడు విల్లు పట్టి మేల్కొని యుండెను. గుహుఁ డతనితో, నీకై పడక సిద్ధము చేయఁబడినది, నీవు సుఖమున కలవాటుపడినవాఁడవు, పోయి పండుకొమ్ము, మేము కష్టముల కలవాటుపడిన వారము, మా వారితోఁ గూడి రాముని మేము కాచెదమని చెప్పెను. లక్ష్మణుఁ డంగీకరింపలేదు. అన్నయు వదినెయు నేలపై నుండఁగాఁ దనకు నిద్ర యెట్లు వచ్చునని యతఁ డడిగెను. ఆ రాత్రి ఇరువురును మాటలతోఁ గడపిరి.

లక్ష్మణుని ప్రత్యుత్తరమును భ్రాతృభక్తికిఁ బరమనిదర్శనముగాఁ జెప్పుట యందఱకును వాడుకయే. మా దృష్టి గుహుని మాటపై నిలిచినది. అతఁడు చూపిన కారణము అలవాటు. తన జనము కష్టమున కలవాటుపడినదనియు, కావున నిద్ర మానుట తమకొక లెక్క కాదనియు నతఁడు స్నేహముచేఁ బలికెను. తన్ను గూర్చి తాను చెప్పుకొనునప్పుడు ఈ మాట యౌదార్యము. ఇతరులు వానిని గూర్చి చెప్పునప్పుడు ఇదియే మాట యొక సాకగును. వారికలవాటే యనుమాట, రాత్రి కొలువు చేయించుకొనువారి నోట నేఁటికిని వినఁబడుచునే యున్నది. లక్ష్మణుని యొక్క రాత్రి కావ్యమునకు వస్తువైనది. గుహుని బంధువుల రాత్రులన్నియు అలవాటను నొక్క మాటలో నడఁగిపోయినవి.

ఈ యలవాటును గూర్చి నేఁటి శాస్త్రము స్పష్టముగాఁ బలుకుచున్నది. ప్రాణికోటి శరీరములలో పగటికిని రాత్రికిని అనుగుణముగా నడచు నొక గడియారము గలదు. దాని యంతర్నిర్మాణమును వెల్లడించినందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురకు 2017లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఏండ్లతరబడి రాత్రి పని చేసినవారిలోను అధికసంఖ్యాకుల శరీరములు ఆ వేళకుఁ బూర్ణముగా నలవడవు. పగటి వెలుఁగే యా గడియారమును మరల వెనుకకుఁ దిప్పుచుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థకుఁ జెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ రాత్రిపాళీ పనిని క్యాన్సర్ కలిగింపఁగల సంభావ్యత గల వానిలోఁ జేర్చినది. 2007లో వెలువరించిన యీ నిర్ణయమును 2019లో మరల స్థిరపఱచినది. దీనిని బట్టి గుహుని మాటను మేము తప్పుపట్టఁబోవుట లేదు. అలవాటనునది నిద్ర యవసరము లేకపోవుట గాదనియు, అది లేకున్నను పని చేయుచుండుటయే యనియు నెఱిఁగి యా ఘట్టమును జదువవలెనని మాత్రమే మా మనవి.

3. నిద్ర చేతులు మాఱుట

వాల్మీకి విడిచిన లెక్కను దెలుఁగు స్త్రీలు పట్టుకొనిరి. పదునాలుగేండ్లు లక్ష్మణుఁడు నిద్రపోలేదన్నచో ఆ నిద్ర యేమైనది? ఊర్మిళాదేవి నిద్ర యను పాట యీ ప్రశ్నకు సమాధానము. లక్ష్మణుని నిద్ర ఊర్మిళ కిచ్చివేయఁబడినది. ఆమె పదునాలుగేండ్లు కన్ను తెఱవక పండుకొన్నది. అతఁడు మరలి వచ్చి లేపఁగా, ఆమె యతని నెఱుఁగక పరపురుషుఁడని భయపడి మందలించినది. నోటినుండి నోటికి సాగిన పాట గాన పాఠభేదములుండుట సహజము. కథాశరీర మిది.

ఈ కల్పనను పాతివ్రత్యమునకు నిదర్శనముగా వ్యాఖ్యానించుట గలదు. అంతకంటె లోఁతైన దొకటి యిందుఁ గలదని మాకుఁ దోఁచుచున్నది. ఈ పాట పాడినవారు ఉమ్మడి కుటుంబములలో కోడికూఁతకు ముందు లేచి, అందఱును పండుకొన్న పిమ్మటఁ బండుకొన్న స్త్రీలు. నిద్ర యూరక మాయమై పోదని వారి కనుభవపూర్వకముగాఁ దెలియును. ఒకరు మేల్కొన్నచో దాని భారము మఱియొకరి బ్రతుకుపైఁ బడును. పురాణము లక్ష్మణుని మెలకువను వరముగాఁ జూచినది. పాట దానిని ఇరువురి నడుమ నడచిన బదులుగాఁ జూచినది. ఆ బదులులో ఊర్మిళ కోల్పోయినది పదునాలుగేండ్ల యౌవనము. భర్తను భర్తగా గుర్తింపలేకపోవుట యా నష్టమునకుఁ బరాకాష్ఠ. రాత్రి కొలువు చేయువాని యింటివారికి ఈ ఘట్టము వ్యాఖ్యానము లేకయే యర్థమగును. తండ్రి యింటికి వచ్చు వేళకు బిడ్డలు బడికిఁ బోవుదురు. బిడ్డలు వచ్చు వేళకు తండ్రి కొలువునకుఁ బోవును. ఒకే కప్పు క్రింద నుండియు వారు పరిచయము తక్కువగు వారలగుదురు.

దీనికిఁ దోఁబుట్టువు లక్ష్మణదేవర నవ్వు అను పాట. పట్టాభిషేకమైన రాముఁడు కొలువు తీర్చియుండఁగా, గడువు తీఱినదని నిద్రాదేవి లక్ష్మణుని యెదుట నిలిచినది. ఆమెను జూచి యతఁడు పకాలున నవ్వెను. సభలోని యొక్కొక్కరును ఆ నవ్వు తమ్ము గూర్చియే యనుకొనిరి. అన్న పోఁగా రాజ్యమందిన సుగ్రీవునకును, అన్నను విడిచి వచ్చిన విభీషణునకును తమ తమ కొఱఁతలు గుర్తుకు వచ్చినవి. రాముఁడే కోపించి తమ్మునిఁ జంపఁబూనెను. లక్ష్మణుఁడు నిజము చెప్పిన పిమ్మట రాముఁడు పశ్చాత్తాపపడి, వసిష్ఠుని మాట చొప్పున తమ్మునకుఁ బడక యమర్చి, అతఁడు నిద్రించుచుండఁగా పాదములొత్తెను.

ఈ పాటలో రెండు సంగతులు విమర్శకుఁడు గమనింపఁదగినవి. మొదటిది: నిద్ర యప్పుల లెక్కవలెఁ దిరిగి వచ్చినది. గడువు దాఁటిన దినముననే, నిండుసభలో, మర్యాద చూడక వచ్చినది. రెండవది: నిద్ర లేనివాని నడవడిని నిద్ర పోయినవారు తప్పుగా నర్థము చేసికొనిరి. బడలినవాని నవ్వు వారికి నిందగాఁ దోఁచినది. ఏలికయైనవాఁడు కొలువు చేసినవాని పాదములొత్తుటతో గాని యా పాట యా తప్పును సరిచేయలేదు. పండితకావ్యములలో నింత తెగువ గల ముగింపు మాకుఁ గానరాలేదు.

ఈ రెండవ సంగతి మా కనుభవమునకు వచ్చినది గాన దాని నిచ్చటఁ జెప్పుట యనుచితము గాదనుకొందుము. కొన్నేండ్ల క్రిందట మేము ఎం.ఏ. తరగతిలో హరిశ్చంద్రుని కాటికాపరి ఘట్టమును బోధించుచుండఁగా రెండవ వరుసలో నొక విద్యార్థి తూఁగుచుండెను. మేమతనిని లేచి నిలువుమని, ఈ కథ నీకు జోలపాటయైనదా యని యడిగితిమి. తరగతి నవ్వినది. అతఁడు తలవంచుకొని, "క్షమించండి మాస్టారూ" అని మాత్ర మనెను. నెల గడచిన పిమ్మట మఱియొక విద్యార్థివలన మాకుఁ దెలిసినది: అతఁడు ఊరి చివర నొక గిడ్డంగికి రాత్రి కావలి కాచి, ఉదయ మాఱు గంటలకు దిగి, ముఖము కడుగుకొని తిన్నగాఁ దరగతికి వచ్చుచుండెనట. కావలివాని కథను గావలివానికే చెప్పుచు మేమతనిని నిందించితిమి. లక్ష్మణుని నవ్వును విన్న సభలో మేమును గూరుచుండియుంటిమని యప్పుడు మాకుఁ దెలిసినది. ఈ వ్యాసమునకు బీజ మా దినమునఁ బడినది.

4. దివిటీల యుద్ధము

పాటలు నిద్రను ఋణముగాఁ జూపఁగా, భారతము దానిని హక్కుగాఁ జూపిన తావొకటి గలదు. తిక్కన తెనిఁగించిన పదునైదు పర్వములలో ద్రోణపర్వ మొకటి. దాని సంస్కృతమూలమున, సైంధవుఁడు పడిన పదునాలుగవనాఁటి యుద్ధము సూర్యాస్తమయముతో నిలువలేదు. చీఁకటిలో యుద్ధము సాగుటకుఁ గావలసినది వెలుఁగు. దుర్యోధనుఁడు పదాతులను ఆయుధములు విడిచి దివిటీలు పట్టుఁడని యాజ్ఞాపించెను. కౌరవసేనలో రథమున కైదు, ఏనుఁగునకు మూఁడు, గుఱ్ఱమున కొకటి చొప్పున దీపము లమర్పఁబడినవి. పాండవులు రథమునకుఁ బది, ఏనుఁగున కేడు, గుఱ్ఱమునకు రెండు చొప్పున వెలిగించిరి.

దీపముల సంఖ్యను గవి యింత నిష్కర్షగాఁ జెప్పుట వర్ణనకొఱకే యని తోఁపవచ్చును. మాకట్లు తోఁపలేదు. రాత్రిని బగలుగాఁ జేయు సాధనము దొరకినతోడనే పనికి హద్దు తొలఁగుననుట యీ ఘట్టముయొక్క తాత్పర్యములలో నొకటి. సూర్యుఁ డస్తమించినచో యోధుఁ డిల్లు చేరవలెననునది ప్రకృతి విధించిన యేర్పాటు. దివిటీ యా యేర్పాటును జెఱచినది. యంత్రశాలలలో గ్యాసు దీపములును, తరువాత విద్యుద్దీపములును జేసిన పని యిదియే. ఆయుధము విడిచి దివిటీ పట్టిన పదాతి యితరుల పనికి వెలుఁగు చూపుటకే నిలిచినాఁడు. వానికి యుద్ధములోని కీర్తిగూడ లేదు.

ఘటోత్కచుఁడు పడిన తరువాత సైనికులు నిద్రచే నంధులైరి. ఎవరు తమవారో, ఎవరు పరులో తెలియక కొందఱు తమవారినే కొట్టిరి. అప్పు డర్జునుఁ డెలుఁగెత్తి, మీరును మీ వాహనములును బడలితిరి, చంద్రోదయమువఱకు నిచ్చటనే రణభూమిలో నిద్రింపుఁడని పలికెను. శత్రుసేనయు నా మాట నంగీకరించి యతనిని దీవించినది. గుఱ్ఱముల వీఁపులపైని, రథములలోను, ఏనుఁగుల మెడలపైని, నేలపైని రెండు సేనలు నిద్రించినవి. చంద్రుఁ డుదయింపఁగా యుద్ధము మరల సాగినది.

అర్జునుని ధర్మనిరతికి గీతను జూపుదురు, పాశుపతమును జూపుదురు. శత్రువులచే దీవింపఁబడిన యీ యాజ్ఞను జూపువారు తక్కువ. ఇచ్చట నిద్ర వీరత్వమునకు విరుద్ధముగాఁ జెప్పఁబడలేదు. నిద్ర లేనివాఁడు మిత్రునిఁ జంపునని కవి చూపెను. కావున నిద్ర పోనిచ్చుట సేనానాయకుని ధర్మమని చూపెను. పని చేయించువాఁడు తానే నిద్రవేళ నేర్పఱచుట మన యితిహాసమున నింత స్పష్టముగా నుండఁగా, మనము దానిని బాఠ్యభాగములలోఁ జేర్పలేదు.

5. కాటికాపరి

ఇంతవఱకుఁ జెప్పిన వారిలో లక్ష్మణుఁడు తన యిచ్ఛచే మేల్కొన్నవాఁడు. సైనికులు రాజాజ్ఞచే మేల్కొన్నవారు. రాత్రిని వెలకు అమ్ముకొన్నవాఁడు హరిశ్చంద్రుఁడు. ఈ కథ మార్కండేయపురాణమునఁ గలదు. తిక్కన శిష్యుఁడగు మారన యా పురాణమును దెనిఁగించెను. 15వ శతాబ్దివాఁడగు గౌరన యీ కథనే ద్విపదలో హరిశ్చంద్రోపాఖ్యానముగా విస్తరించెను. బలిజేపల్లి లక్ష్మీకాంతము (1881–1953) సత్యహరిశ్చంద్రీయము దానిని నాటకముగా నూరూరికిఁ జేర్చినది.

పురాణమున నీ కొలువునకు నిబంధనలు గలవు. రాత్రియుఁ బగలును శ్మశానముననే యుండి శవముల రాకకై కనిపెట్టుకొని యుండవలెను. శవమునకు వచ్చు సుంకములో నాఱవ పాలు రాజునకు, మూఁడు పాళ్లు యజమానునకు. రెండు పాళ్లు హరిశ్చంద్రునకు వేతనము. పంపకమును బురాణకర్త యింత లెక్కగాఁ జెప్పెను. సత్యమునకై యన్నియు విడిచినవానికి వేతన మెంతయో చెప్పవలసిన పని యేమి? అది కొలువు గాన. కొలువునకుఁ గాలమును, వేతనమును చెప్పక తప్పదు. ఇచ్చటి కాలము రాత్రియుఁ బగలును. అనఁగా విరామము లేదు. చంద్రమతి బిడ్డ శవముతో వచ్చినప్పుడు సుంకము లేనిదే దహనమునకు వీలులేదని హరిశ్చంద్రుఁడు చెప్పుటలోని భీకరత, ఆ సుంకము తన జీతమునకు మూలమగుటవలన ద్విగుణమగుచున్నది.

పురాణమున నింకొక సంగతి గలదు. బడలిన హరిశ్చంద్రుఁడు కాటిలో నిద్రపోయెను. ఆ నిద్రలో నతనికి వచ్చిన కల విశ్రాంతి గాదు. తాను పుల్కసకులమునఁ బుట్టి, బాల్యముననే శ్మశానకృత్యములు చేయుచున్నట్లు కలగాంచెను. పండ్రెండేండ్ల దుఃఖము ఆ కలలో ననుభవించెను. మెలకువలోఁ జేసిన పనియే నిద్రలోను జేయవలసి వచ్చినది. దీనిని గర్మసిద్ధాంతమున కుపబృంహణముగాఁ జెప్పవచ్చును. రాత్రి కొలువు చేసి పగలు కలఁతనిద్ర పోవువానికి మాత్ర మిది తన కలయే యని తోఁచును.

ఇఁక మా ప్రధానప్రశ్న. హరిశ్చంద్రుఁడు కాటికి రాకమున్ను ఆ కాటిని గాచిన దెవరు? దేవతలు ప్రత్యక్షమై యతనికి రాజ్యమిచ్చి పంపిన మఱునాఁటి రాత్రి కాచిన దెవరు? శవములు రాకుండ నిలువవు, సుంకమును నిలువదు. అతని ముందును వెనుకను ఆ కొలువు చేసినవారు వీరబాహువు కులమువారే. రాజు కొన్నాళ్లు చేసినప్పు డది సత్యవ్రతమైనది. వారు తరతరములు చేసినప్పు డది కులవృత్తి యైనది, అంటరానితనమునకుఁ గారణముగాఁ జూపఁబడినది. పనియొక్కటియే, చేసినవానిని బట్టి దాని పేరు మాఱినది. హరిశ్చంద్రుని దుఃఖమునకుఁ గంటఁ దడి పెట్టుట సహృదయలక్షణమే. అతని పాట్లు పాట్లుగాఁ దోఁచుటకుఁ గారణము అతఁడు పూర్వము రాజగుటయే యైనచో, ఆ సహృదయత సగమే.

రంగస్థలము ఈ కొఱఁతను దానెఱుఁగకయే కొంత తీర్చినది. కాటిసీనులో నటులు గుఱ్ఱం జాషువ (1895–1971) రచించిన శ్మశానవాటి పద్యములను జేర్చి పాడుట పరిపాటియైనది. రాజునకును బిచ్చగానికిని కడకు నొకే మన్ను చాలునను నా పద్యములు అంటరానితనమును స్వయముగా ననుభవించిన కవివి. రాజవేషధారి నోట నవి వినఁబడునప్పుడు ఆ తావు నిజముగాఁ గాచినవారి గొంతు కొంత వినఁబడినట్లే.

ఆ నటుల సంగతియు నొక మాట. పద్యనాటకములు ఊళ్లలో రాత్రి మొదలై తెల్లవాఱుదాఁక నడచినవి. ఒకే పాత్రను ఇద్దఱు ముగ్గురు నటులు అంకములవారీగాఁ బంచుకొనుటయు వాడుక. కాటిసీను హరిశ్చంద్రుఁడు వేఱుగా నుండుట పలు సమాజములలోఁ గలదు. దీనిని బ్రేక్షకుల యభిరుచిగాఁ జెప్పుదురు. పాళీపని యనియుఁ జెప్పవచ్చును. తెల్లవాఱుజామున నా రాగములు తీయుటకు రాత్రియంతయుఁ బాడని గొంతు గావలెను. ప్రేక్షకునకు ఆ రాత్రి జాగరము, నటునకుఁ గావలి. కాటికాపరి వేషమున నున్నవాఁడు తానును రాత్రి యమ్ముకొన్నవాఁడే.

6. ఉపసంహారము

పనిని బనిగాఁ జూచినచోఁ గావ్యగౌరవము తగ్గదా యని కొందఱు మిత్రులు మమ్మడిగిరి. తగ్గదని మా నమ్మకము. నిద్రయొక్క బరువు తెలియనివానికి లక్ష్మణుని భక్తియొక్క బరువును దెలియదు. సత్యమునకై హరిశ్చంద్రుఁ డిచ్చినది రాజ్యముకంటె నెక్కువగాఁ దన రాత్రులని గ్రహించినవానికిఁ గథ పెద్దదగునే కాని చిన్నది గాదు. మేము పైఁ జూపిన గ్రంథములన్నియు నిద్రకు లెక్క వ్రాసినవే: గుహుఁడు దానిని అలవాటనెను, పాట ఋణమనెను, అర్జునుఁడు హక్కనెను, పురాణము దానికి వెలకట్టెను. లెక్క విడిచినది మన బోధన.

ఈ విషయము నేఁటికిని దీఱినది గాదు. ఆసుపత్రులలో నర్సులు, రైలింజనులు నడపువారు, సింగరేణి గనులలో రాత్రిపాళీకి దిగువారు, వీథులలో గూర్ఖాలు, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయుటకై పొలమునకుఁ బోయిన రైతులు ఈ కొలువులోనివారే. హైదరాబాదులో అమెరికా పగటిని బట్టి రాత్రి పని చేయు యువకులు వేలకొలఁది గలరు. అక్కడి పగటిలో వారితో మాటలాడువారిలోను దెలుఁగువారు గలరు. ఒకరి నిద్ర మఱియొకరి మెలకువగా మాఱుట పాటలోని కల్పన యని యిఁక ననలేము. 1948 నాఁటి ఫ్యాక్టరీల చట్టము అర్ధరాత్రి దాఁటు పాళీవారికి దినమను మాటకే క్రొత్త నిర్వచనము చేయవలసి వచ్చినది. వారి సెలవుదినము అర్ధరాత్రి మొదలుగాఁ గాక, పాళీ ముగిసిన క్షణము మొదలుగా నిరువదినాలుగు గంటలని యది 57వ సెక్షనులో నిర్ణయించినది. జాముల లెక్కను మార్చనిదే కావలివానికి న్యాయము చేయలేమని చట్టము గ్రహించినది. విమర్శయు గ్రహింపవలెను.

పరిశోధకవిద్యార్థులకు మా సూచన లివి. దంపుళ్లపాటలు, తిరుగలిపాటలు, ఏతపుపాటలు సేకరించినవారు వానిని రాగమును బట్టియు, ఇతివృత్తమును బట్టియు వర్గీకరించిరి. అవి యే వేళఁ బాడఁబడినవో, పాడినవారు ఎప్పుడు నిద్రలేచినవారో గూడ గుర్తించినచోఁ బాటలోని యనేకవిషయములు తేటపడును. శ్మశానము గాచిన కుటుంబముల నోటఁ గల గాథలు హరిశ్చంద్రకథతోఁ బోల్చి చూడఁదగినవి. రాత్రి యాటలాడిన నాటకసమాజముల వృద్ధనటులు జీవించియుండఁగనే వారి మాటలు వ్రాసికొనవలెను.

బోధకులకు మే మొక్కటి విన్నవింతుము. కాటికాపరి ఘట్టమును జెప్పునప్పుడు, ఆ కాటిని అంతకుమున్ను గాచినవారి మాటయు నొకసారి చెప్పవలెను. తరగతిలో నెవరైన కునుకు తీయుచున్నచో, లేచి నిలువుమనుటకు ముందు, రాత్రి యెచ్చట నుంటివని యడుగవలెను.